ఒక్క వరుసలో ఊరు

రుద్రవరం అనే ఊరి గురించి అచ్చయిన వాటిలో నాకు బాగా నచ్చింది కథ కాదు, కైఫీయత్తు కాదు. ఒక పట్టికలో ఒకే ఒక్క వరుస. 2011 జనాభా లెక్కల తర్వాత వచ్చిన కర్నూలు జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఉంటుందది. రెండు భాగాల పుస్తకం. ఊళ్లో ఏమేం ఉన్నాయో మొదటిది చెబుతుంది, ఎవరెవరున్నారో రెండోది చెబుతుంది. ఈ పుస్తకాన్ని చదివేవాళ్లు తక్కువ, తిరగేసేవాళ్లు ఎక్కువ. పథకానికి ప్రతిపాదన రాసే గుమాస్తా, థీసిస్ గట్టెక్కాల్సిన విద్యార్థి, కొత్త శాఖ ఎక్కడ పెట్టాలో చూసే బ్యాంకు అధికారి, ఎవరికి కావాల్సిన అంకె వాళ్లు రాసుకుని మూసేస్తారు. పనితనం ఉన్న వస్తువుగా దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పట్టించుకోదగ్గ పనితనమే అది.

అమెరికాలో ఏదో చిన్న పట్నం పేరు కంప్యూటర్లో కొడితే జనమెంత, ఇంటి రాబడెంత, పేదలెందరు, డిగ్రీ చదివినవాళ్లెందరు అన్నీ ఒక పేజీలో వచ్చేస్తాయి. మన ఆళ్లగడ్డకో రుద్రవరానికో అలాంటి పరిచయం ఉందా అంటే, ఉంది. కాకపోతే అది పేజీగా కాక వరుసగా ఉంది. చదవడం కొంచెం అలవాటు చేసుకోవాలి.

వరుస మొదట ఆరంకెల కోడు. దేశంలో ప్రతి గ్రామానికీ తనదైన అంకె ఒకటి, పట్టణాలకైతే 800001 నుంచి మొదలయ్యేవి. రాష్ట్రంలో రుద్రవరాలు ఒకటికి మించి ఉన్నాయి కాబట్టి పేరును నమ్ముకుంటే ఉత్తరం ఒకచోటికి, నిధులు ఇంకోచోటికి పోతాయి. ఆ తర్వాత ఇళ్లెన్ని, మనుషులెందరు, ఏడేళ్ల లోపు పిల్లలెందరు, ఎస్సీలు, ఎస్టీలు, చదువొచ్చినవాళ్లు. అన్నీ మగ, ఆడ విడివిడిగా. చదువు గడికి ఒక నియమం ఉంది: ఏడేళ్లు నిండని పిల్ల గడగడా పేపరు చదివినా లెక్కలో చదువురానిదే. అన్యాయంగా కనిపిస్తుంది గానీ, బడికి పోతున్న ప్రతి బుడతడినీ అక్షరాస్యుడిగా రాసుకునే సరదాకు ఈ నియమం అడ్డం పడుతుంది.

ఈ వరుసలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది కూడిక. పక్కకు కూడితే పనిచేసేవాళ్లూ చేయనివాళ్లూ కలిసి ఊరి జనాభా రావాలి. కిందికి కూడితే ఆలమూరు, పెద్దకంబలూరు, ఎల్లావత్తుల, మిగతా ఊళ్లన్నీ కలిసి మండలం రావాలి, మండలాలు కలిసి జిల్లా రావాలి. ఎక్కడా వందకో వెయ్యికో సర్దుబాటు ఉండదు. 2011లో కర్నూలు జిల్లా జనాభా 40,53,463. ఆ చివరి 3 కూడా ఎక్కడో ఒక ఊరి ఎన్యూమరేటరు రాసుకొచ్చినదే.

ఈ కూడిక విలువ 2022లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ 4న రుద్రవరంతో సహా 29 మండలాలతో నంద్యాల జిల్లా పుట్టింది. పుట్టిన రోజే దాని జనాభా 17.82 లక్షలని చెప్పగలిగారు. కొత్తగా ఎవరూ గడప తొక్కలేదు. పదకొండేళ్ల కిందటి ఊరి వరుసలను కొత్త గీతల ప్రకారం మళ్లీ పేర్చి కూడుకున్నారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. గీతలు మార్చడం ప్రభుత్వాలకు అలవాటే. గీత ఎక్కడ గీసినా చెదరనంత చిన్న ముక్కల్లో లెక్కను దాచిపెట్టడం, అదీ ఈ పుస్తకం చేసినవాళ్ల తెలివి.

మొదటి భాగంలో ఇంకో చిన్న ఉపాయం ఉంది. ఊళ్లో ఆసుపత్రో బ్యాంకో లేకపోతే ‘లేదు’ అని రాసి ఊరుకోరు. ఎంత దూరంలో ఉందో ఒక్క అక్షరంలో చెబుతారు. 5 కిలోమీటర్ల లోపైతే ఏ, 5 నుంచి 10 మధ్య అయితే బీ, 10 దాటితే సీ. రైల్వే స్టేషను గడిలో రుద్రవరం వైపు ఊళ్లకు సీ తప్పదు. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 2016లో వచ్చినా అది బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోయింది గానీ ఆళ్లగడ్డ ముఖం చూడలేదు. నల్లమల అంచు ఊళ్లకైతే భూమి వివరాల్లో మొట్టమొదటి గడి అడవిది. ఆ తర్వాతే బీడు, మేతబీళ్లు, సాగుభూమి. ఆ గడులు చూస్తూ పోతే కొండ దగ్గరున్న ఊరేదో, నల్లరేగడి మధ్యలో ఉన్న ఊరేదో పటం లేకుండానే తెలిసిపోతుంది.

అసలు పనితనం మాత్రం పని గడుల్లో ఉంది.

ఏడాదిలో ఆరు నెలలు, అంటే 183 రోజులు పని దొరికినవాళ్లు ఒక వర్గం, అంతకంటే తక్కువ దొరికినవాళ్లు రెండో వర్గం. 2011లో ఈ రెండో వర్గాన్ని మళ్లీ చీల్చారు: మూడు నెలల లోపు పని దొరికినవాళ్లు వేరు, మూడు నుంచి ఆరు నెలలు దొరికినవాళ్లు వేరు. కాలువ నీళ్లు రెండు కార్లకు అందిన ఊరికీ, వానను నమ్ముకుని శనగ వేసుకునే ఊరికీ తేడా పట్టుకోవాలంటే ఈ చీలిక చాలు. కేసీ కాలువ కింద ఒక పరిస్థితి, తెలుగుగంగ కింద ఒక పరిస్థితి, ఏ కాలువా లేని మెట్టలో ఇంకొకటి. ఎరువుల దుకాణంలో చెప్పుకునే మాటే ఇది, పుస్తకం అంకెల్లో చెబుతుంది.

ఆ తర్వాత పని ఏమిటన్న ప్రశ్న. నాలుగే గడులు: సాగుదారు, వ్యవసాయ కూలీ, గృహ పరిశ్రమ, ఇతర పనివారు. నాలుగు గడుల్లో ఒక మండలం బతుకంతా పట్టించాలి. మొదటి రెంటి మధ్య గోడ ఎక్కడ కట్టారో చూడండి. భూమి ఎవరి పేరున ఉందన్నది వాళ్లకు అక్కర్లేదు. నష్టమొస్తే ఎవరు భరిస్తారన్నదే ప్రశ్న. సెంటు భూమి లేకపోయినా గుత్తకు తీసుకునో, పాలుకు చేసో పంట మీద ఆశ పెట్టుకున్నవాడు సాగుదారు. అదే చేలో రోజు కూలికి వచ్చినవాడు కూలీ, వాన ఎగ్గొట్టినా అతని కూలి అతనికి రావాలి. పాసుపుస్తకం చూసి రైతెవరో తేల్చే పద్ధతి కౌలు రైతుకు ఎంత అన్యాయం చేస్తుందో అందరికీ తెలుసు. జనాభా లెక్కలు ఆ పొరపాటు చేయవు. ఈ ఒక్క నిర్వచనం రాసినవాళ్లకు నేను దండం పెడతాను.

మూడో గడికి ఆళ్లగడ్డ మంచి పరీక్ష పెడుతుంది. ఆ ఊరి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దేవుళ్ల విగ్రహాల దగ్గర్నుంచి నాయకుల విగ్రహాల దాకా అక్కడ చెక్కుతారు. ఒక కుటుంబం తమ ఇంటి ఆవరణలోనే రాయి పెట్టుకుని చెక్కుతోందనుకుందాం. కొడుకులు మోటుపని తీస్తారు, తండ్రి ముఖం, కళ్లు, నగలు చెక్కుతాడు. వీళ్లు గృహ పరిశ్రమలోకి వస్తారు. పక్కింటి కుర్రాడు అదే ఉలి, అదే సుత్తి పట్టుకుని, అదే రాయి మీద, రోడ్డు పక్కన ఇంకొకరి షెడ్డులో జీతానికి పనిచేస్తున్నాడు. ఇతను ఇతర పనివారిలోకి పోతాడు. వింత ఇంతటితో ఆగలేదు. పల్లెలో అయితే ఊరి పొలిమేర లోపల ఎక్కడ చేసుకున్నా గృహ పరిశ్రమే, పట్టణంలో అయితే ఇంటి ప్రాంగణం దాటితే కాదు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఇంటివాళ్లే అయి ఉండాలి, రిజిస్టరైన ఫ్యాక్టరీ స్థాయికి పోకూడదు. బట్టలుతికేవాళ్లూ క్షురకులూ జ్యోతిష్కులూ ఇంట్లోనే చేసినా ఇందులోకి రారు. ఒక వస్తువు తయారవాలి, లేదా బాగుపడాలి. ఇన్ని షరతులెందుకంటే, ఈ గడి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి కాబట్టి: వృత్తి ఇంకా ఇంట్లోనే ఉందా, ఇల్లు దాటిందా? ఒక పదేళ్లకూ ఇంకో పదేళ్లకూ మధ్య ఈ అంకె తగ్గితే శిల్పులు తగ్గారని అర్థం కాదు, షెడ్లు పెరిగాయని కావచ్చు. ఈ తేడా తెలియక ‘చేతివృత్తుల పతనం’ అని రాసేసిన వ్యాసాలు చాలా చూశాం.

నాలుగో గడి దగ్గర మాత్రం పనివాడి చెయ్యి జారింది. ‘ఇతర పనివారు’ అంటే బడిపంతులు, ఆర్టీసీ డ్రైవరు, కిరాణా కొట్టు శెట్టి, పూజారి, తాపీ మేస్త్రీ, బ్యాంకు మేనేజరు, రాజకీయ నాయకుడు. వీళ్లతోపాటే నల్లమల అంచున గొర్రెలు కాసుకునేవాడూ. ఎమ్మెల్యేనీ గొర్రెల కాపరినీ ఒకే కంబళి కింద పడుకోబెట్టిన ఘనత ఈ గడిది.

పని అంటే ఏమిటన్న దాంట్లోనూ ఒక చిత్రమైన పట్టింపు ఉంది. ఇంటి వాడకానికే అయినా గేదెను సాకి పాలు తీస్తే అది పని. ఆ పాలు కాచి, తోడు వేసి, అన్నం వండి పదిమందికి పెడితే పని కాదు. చేలో జీతం లేకుండా సాయపడే ఇల్లాలు పనిచేసేదే, ఎన్యూమరేటరు గుచ్చి గుచ్చి అడిగితే. అడక్కుండా గడప దగ్గరే నిలబడి ‘మీ ఆడవాళ్లు ఇంట్లోనే కదా’ అనేస్తే ఆమె పని చేయనివాళ్లలో చేరిపోతుంది. నిర్వచనం ఎంత బాగున్నా చివరికి అది గడప దగ్గరి సంభాషణ మీద ఆధారపడింది. 2011లో దేశమంతా దాదాపు 27 లక్షలమంది ఎన్యూమరేటర్లు, సూపర్‌వైజర్లు, వాళ్లలో ఎక్కువమంది టీచర్లు, ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఆ సంభాషణ నడిపారు.

జనాభా లెక్కల్లోని ఇళ్ల పట్టిక గడుల్లో ఒకటి మా ప్రాంతానికి బొత్తిగా నప్పలేదు. పైకప్పు దేనితో వేశారన్న ప్రశ్నకు గడ్డి, తాటాకు, వెదురు, కర్ర, మట్టి అన్నీ ఒకే గడి. రాయలసీమ మట్టిమిద్దె తెలిసినవాళ్లకు ఇది నవ్వు తెప్పిస్తుంది. దూలాలు వేసి, వాటి మీద దంతెలు పరిచి, పైన చౌడుమట్టి దిమ్మిస కొట్టి కట్టిన ఇల్లది. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది, పైన ధాన్యం ఆరబోసుకోవచ్చు, రాత్రి పడుకోవచ్చు. మూడు తరాలు నిలిచిన మిద్దె, నిరుడు వేసిన గుడిసె ఒకే గడిలో పడ్డాయి. బండలు పరిచిన మిద్దెకు మాత్రం వేరే గడి ఉంది, బేతంచెర్ల నాపరాయి అక్కడికి చేరుతుంది. ఢిల్లీలో గడులు గీసినవాళ్లు రాతిని చూశారు, మట్టిని చూడలేదు.

ఈ రకం పుస్తకానికి మన జిల్లాలో ఒక పెద్దాయన ఉన్నాడు. హ్యాండ్‌బుక్‌ల వరుస 1951 నుంచి మొదలైంది గానీ, కర్నూలు జిల్లా సమగ్ర పరిచయం 1886లోనే వచ్చింది: ‘కర్నూలు జిల్లా మాన్యువల్’. మద్రాసు రాజధానిలో జిల్లా మాన్యువల్‌లు రాసింది ఎక్కువగా దొరలే. నెల్లూరుకు బాస్వెల్, కడపకు గ్రిబుల్, గోదావరికి మోరిస్, కృష్ణాకు మెకంజీ. కర్నూలుకు వచ్చేసరికి ఒక తెలుగువాడు, డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ శెట్టి. సాహిత్యం చదివినవాళ్లకు ఈ పేరు ఇంకోచోట తగులుతుంది. 1872లో ‘శ్రీ రంగరాజ చరిత్ర’ రాసింది ఈయనే. తెలుగులో తొలి నవల అదా, 1878 నాటి కందుకూరి ‘రాజశేఖర చరిత్రమా’ అన్న తగువు ఇంకా తెగలేదు. తెగకపోయినా ఫర్వాలేదు.

నన్ను లాగేది ఆ రెండు పుస్తకాలు ఒకే చేతి నుంచి రావడం. ప్రజల ఆచార వ్యవహారాలను చూపే కథలు రావాలని వైస్రాయి మేయో కోరాడు, ఆ ప్రకటన చూసే శెట్టిగారు నవల మొదలుపెట్టారు. మేయో హయాంలోనే తొలి జనాభా లెక్కలు జరిగాయి. గెజిటీరు పని హంటర్ అనే అధికారికి అప్పగించిందీ ఆయనే. పాలించేవాడికి పాలితుల గురించి తెలియాలి, అది కథగా తెలిసినా సరే, పట్టికగా తెలిసినా సరే. శెట్టిగారు రెండు విధాలుగానూ తెలియజెప్పారు. మనుషులు ఏం తింటారు, ఎలా పెళ్లి చేసుకుంటారు, దేనికి అప్పు చేస్తారు అన్న ఆరా నవలాకారుడికీ జిల్లా అధికారికీ ఒకటే. ఆ ఆరాను కథలో పాత్రల నోట పలికించాలి, మాన్యువల్‌లో తాలూకాలవారీగా పేర్చాలి. ఆ రెండో పని తక్కువదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆయన పేర్చాల్సి వచ్చిన అంకెలు అలాంటివి మరి. 1871లో కర్నూలు జిల్లా జనాభా 9,14,432. 1881లో 6,78,551. పదేళ్లలో 2,35,881 మంది లేకుండా పోయారు, నలుగురిలో ఒకరికి పైగా. మధ్యలో వచ్చింది 1876–78 నాటి ధాత కరువు. ఈ లెక్కకు ఒక పక్కకథ ఉంది. మద్రాసు రాజధానిలో 1871 జనాభా లెక్కలు నడిపి నివేదిక రాసినవాడు కార్నిష్ అనే వైద్యాధికారి. ఆరేళ్ల తర్వాత కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్ది చిల్లర చాలని ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ తేల్చినప్పుడు, ఆ తిండితో మనిషి బతకడని గట్టిగా ఎదురు రాసింది అదే కార్నిష్. తలలు లెక్కపెట్టినవాడికి ఆ తలల కింద కడుపులున్నాయని గుర్తుంది. 1891కి కూడా జిల్లా 8,17,811కే చేరింది, 1901కి 8,72,055. అంటే ముప్పై ఏళ్లు గడిచినా 1871 నాటి జనం తిరిగి రాలేదు. పాడుబడిన ఊళ్లు లెక్కల పుస్తకం నుంచి మాయం కావు. జనం లేని గ్రామానికీ ఒక కోడు, ఒక వరుస ఉంటాయి, పేరు పక్కన ‘నిర్జన గ్రామం’ అని రాసి మిగతా గడులు వదిలేస్తారు.

అమెరికావాళ్ల పనితనం వేరు దారి పట్టింది. వాళ్లు పదేళ్లకోసారి తలలు లెక్కపెట్టి, బతుకు వివరాలు మాత్రం ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలను ఎంచుకుని అడుగుతారు. 2005 నుంచి పూర్తి స్థాయిలో సాగుతున్న ఈ సర్వేలో 65 వేలు దాటిన ఊళ్లకు ఏటా అంకెలొస్తాయి. మరీ చిన్నవాటికి ఐదేళ్ల జవాబులు కలిపితే గానీ చెప్పరు. చెప్పిన ప్రతి అంకె పక్కనా ఇంత అటూ ఇటూ కావచ్చని ఇంకో అంకె వేస్తారు. చిన్న ఊరికి ఆ అటూ ఇటూ పెద్దదిగా ఉంటుంది, అసలు అంకెతో పోటీ పడేంత. సిగ్గుపడకుండా దాన్ని కూడా అచ్చువేయడం గొప్ప మర్యాద. మన వరుసలో అలాంటి రెండో అంకె లేదు, ఎందుకంటే మనది నమూనా కాదు, ఇంటింటి లెక్క. అయినా తప్పిపోయినవాళ్లు ఉంటారు. 2011 లెక్కల తర్వాత చేసిన తనిఖీలో దేశంలో వెయ్యికి 23 మంది లెక్కకు అందలేదని తేలింది. ఆ సంగతి వేరే నివేదికలో ఉంది, ఊరి వరుస పక్కన లేదు. అమెరికావాళ్లు ఆదాయం అడుగుతారు. మనవాళ్లు ఆదాయం అడగరు, అడిగినా చెప్పేవాళ్లెవరు? దానికి బదులు రేడియో, టీవీ, సైకిలు, స్కూటరు, పొయ్యిలో వంటచెరకా గ్యాసా అని అడుగుతారు. చెప్పని ఆదాయం కంటే కనిపించే సైకిలే నయం.

ఒక చిన్న అమెరికన్ పట్నాన్ని మనిషి కూర్చుని పరిచయం చేసిన పుస్తకం కావాలంటే 1929 నాటి ‘మిడిల్‌టౌన్’ ఉంది. రాబర్ట్ లిండ్, హెలెన్ లిండ్ దంపతులు ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్నంలో ఉండి, పేరు మార్చి రాశారు. సంపాదన, ఇల్లు, పిల్లల పెంపకం, తీరికవేళ, మతం, ఊరి పనులు అని ఆరు భాగాలు చేశారు. దాని ముందు మన హ్యాండ్‌బుక్ మూగది, ఒప్పుకోవాల్సిందే. కానీ లిండ్ దంపతులు తమ సౌకర్యం కోసం ఊళ్లోని నల్లజాతి వాళ్లను పక్కన పెట్టేశారు. ఊరి వరుసకు ఆ స్వేచ్ఛ లేదు. నల్లమలలోని చెంచు గూడెమైనా సరే, పెద్దింటి మేడైనా సరే, గడి గడే.

తర్వాతి జనాభా లెక్కలకు ప్రామాణిక క్షణం 2027 మార్చి 1 అర్ధరాత్రి. ఎన్యూమరేటరు చేతిలో కాగితం బదులు ఫోను ఉంటుంది, 1931 తర్వాత మొదటిసారి అందరి కులమూ రాస్తారు. నంద్యాల జిల్లా తన సొంత అంకెలను మొదటిసారి చూసుకునేది అప్పుడే. గొర్రెల కాపరి సంగతి కూడా అప్పుడు సర్దవచ్చు. నిజానికి 2011లోనూ ‘ఇతర పనివారు’ ఏ పని చేస్తారో అడిగారు, రాసుకున్నారు, జిల్లా స్థాయి పట్టికల్లో పరిశ్రమలవారీగా విడగొట్టి అచ్చువేశారు. ఊరి వరుసకు వచ్చేసరికి చోటు చాలదని కాబోలు వదిలేశారు. ఫోనులో నింపిన లెక్కకు కాగితం వెడల్పుతో పని లేదు. పశువులు, గొర్రెలు, రాతిపని, రవాణా, వ్యాపారం, ప్రభుత్వ ఉద్యోగం, ఈ ఆరు గడులు ఊరి వరుసలో చేరిస్తే రుద్రవరం మండలం ముఖం ఇప్పటికంటే బాగా కనిపిస్తుంది. మట్టిమిద్దెకో గడి అదనంగా ఇస్తే ఇంకా సంతోషం.